ఆఫీసా, ఇల్లా, నెలకో వారమా: గోదావరి జిల్లాల్లో ఉండి పనిచేసేవాళ్ళకు ఏది నడుస్తుంది?

"వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలి" అని కంపెనీ మెయిల్ పంపితే కూకట్‌పల్లిలో ఉండేవాళ్ళకు మారేది పొద్దున్న లేచే వేళ ఒక్కటే. అదే మెయిల్‌ను పాలకొల్లులోనో, అంబాజీపేటలోనో, రావులపాలెంలోనో కూర్చుని చదివితే రైలు టికెట్లు, పిల్లల బడి, పెద్దవాళ్ళ మందులు అన్నీ ఒక్కసారి గుర్తొస్తాయి. హైదరాబాద్ ఆఫీసుకూ మనకూ మధ్యలో దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరం ఉంది. వారానికి మూడు రోజులంటే మనకు కాపురం ఎత్తేయడమే.

ఈ రెండు నెలల్లో మా చుట్టాల్లో, తెలిసినవాళ్ళలో ముగ్గురు ఇదే అడిగారు. మా ఆడపడుచు కొడుకు భీమవరంలో ఇంజనీరింగ్ అయ్యి మొదటి ఉద్యోగంలో చేరుతున్నాడు. మా పెద్దమ్మ కూతురికి ఏడాది దాటిన పాప. మూడో ఆయన మావారి స్నేహితుడు, పన్నెండేళ్ళ అనుభవం, ఊళ్ళో నాన్నగారి రొయ్యల చెరువులు. ముగ్గురికీ మూడు జవాబులు చెప్పాను. ఎందుకలా చెప్పానో రాస్తే ఇంకొకరికి పనికొస్తుందేమోనని ఇది.

నేను మూడు పద్ధతుల్లోనూ పనిచేశాను. ఐదేళ్ళు హైదరాబాద్ ఆఫీసు. 2020 తర్వాత పూర్తిగా ఇంటి నుంచి, కొన్నాళ్ళు అమలాపురం దగ్గర పుట్టింట్లో, ఎక్కువ కాలం పాలకొల్లులో అత్తవారింట్లో. ఇప్పుడు నెలకో వారం ఆఫీసు. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, చూసుకునేది ఎనిమిదిమంది టీమ్.

ముందు దేన్ని లెక్కపెట్టాలి?

అందరూ గంటలు లెక్కపెడతారు. "ఇంట్లో ఉంటే పదకొండు గంటలు పనిచేస్తున్నానండీ" అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. ఒక నెల కూర్చుని చూసుకుంటే లాగిన్ అయిన గంటలు పెరిగాయి, పూర్తిచేసిన టికెట్లు, అంటే నాకు అప్పగించిన పనులు, పెరగలేదు. పెరిగిందల్లా నడుంనొప్పి.

అందుకని నేను మొదట చూసేది ఎవరూ కదపని గంటలు. కనీసం ముప్పావుగంటపాటు ఫోను, కాల్, మనిషి ఏదీ అడ్డురాకుండా దొరికిన సమయాన్నే పనిగంటగా రాసుకుంటాను. ఆ తర్వాత చూసేది సందేహం తీరడానికి పట్టే సమయం. ఒక చిక్కు వచ్చిందంటే అది విప్పగల మనిషి రెండు నిమిషాల్లో దొరుకుతాడా, రేపటి కాల్ దాకా ఆగాలా? ఈ రెండూ బాగుంటే మిగతావి సర్దుకోవచ్చు. మిగతావంటే కరెంటు, నెట్, అప్రైజల్ (మన పనిని అంచనా వేసే) వేళకు పైవాళ్ళకు మనం గుర్తుండటం, నెలాఖరుకు చేతిలో మిగిలే డబ్బు, ఒంట్లో మిగిలే ఓపిక.

13 శాతం వెనకున్న షరతులు

ఇంటి నుంచి పనిచేస్తే పని 13 శాతం పెరుగుతుందనే మాట మీరూ వినే ఉంటారు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్, ఆయన సహచరులు 2010-11లో సీట్రిప్ అనే చైనా ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో తొమ్మిది నెలలు చేసిన ప్రయోగంలో తేలిన అంకె అది. అంకె నిజమే. దాన్ని అందరికీ చెప్పేవాళ్ళు షరతులు మాత్రం చెప్పరు. ఆ ప్రయోగంలో చేరాలంటే ఇంట్లో విడిగా గది ఉండాలి, బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, కంపెనీలో కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి. వాళ్ళు వారానికి నాలుగు రోజులే ఇంట్లో ఉండేవాళ్ళు, ఐదో రోజు ఆఫీసుకు వచ్చేవాళ్ళు. పెరిగిన 13లో 9 దాకా విరామాలు, సెలవులు తగ్గి ఎక్కువ నిమిషాలు పనిచేయడం వల్ల వచ్చింది. వేగం పెరిగి వచ్చింది 4 మాత్రమే. అంతే పనిచేసినా ఇంటివాళ్ళకు ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. చివర్లో ఎవరికి నచ్చిన చోటు వాళ్ళను ఎంచుకోమంటే సగానికి పైగా చోటు మార్చుకున్నారు, అప్పుడు లాభం 22 శాతానికి చేరింది.

మనకు దగ్గర్లో, చెన్నైలో డేటా ఎంట్రీ పనిమీద జరిగిన ప్రయోగంలో ఫలితం తలకిందులైంది. ఇంటి నుంచి చేసినవాళ్ళ పని ఆఫీసువాళ్ళ కంటే 18 శాతం తక్కువ. అందులో మూడింట రెండొంతుల తేడా మొదటి రోజు నుంచే ఉంది. మిగతాది ఆఫీసువాళ్ళు తొందరగా నేర్చుకోవడం వల్ల వచ్చింది. ఇల్లే కావాలని కోరుకున్నవాళ్ళకు ఇంట్లో పని మరీ ఎక్కువగా తగ్గింది. నాకిది ఆశ్చర్యంగా అనిపించలేదు. ఇల్లు గట్టిగా కోరుకునేది ఇంట్లో బాధ్యత ఎక్కువున్నవాళ్ళే కదా. ఆ బాధ్యత పనివేళ పక్కకు తప్పుకోదు.

ఆసియాలోని ఒక పెద్ద ఐటీ సేవల కంపెనీలో కోవిడ్ కాలంలో పదివేలమందికి పైగా ఉద్యోగుల లెక్కలు తీస్తే గంటలు పెరిగాయి, అయిన పని మాత్రం కొంచెం తగ్గింది. మీటింగులు పెరిగి, కదలకుండా కూర్చుని చేసుకునే వేళ తరిగిపోయింది. ఇంట్లో పిల్లలున్నవాళ్ళ మీద దెబ్బ ఎక్కువ. నా నడుంనొప్పికి కారణం అక్కడ దొరికింది.

హైబ్రిడ్, అంటే కొన్నాళ్ళు ఆఫీసు, కొన్నాళ్ళు ఇల్లు, సంగతి చూస్తే, అదే చైనా కంపెనీ పేరు మార్చుకుని ట్రిప్.కామ్ అయ్యాక 1,612 మందితో ఇంకో ప్రయోగం చేసింది. బుధ, శుక్రవారాలు ఇల్లు, మిగతా మూడు రోజులు ఆఫీసు. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం రేటింగులు, ప్రమోషన్లు తగ్గలేదు, ఉద్యోగం మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు. చదవగానే నాకూ సంబరమేసింది. కానీ వాళ్ళంతా గురువారం పొద్దున్న మళ్ళీ ఆఫీసులో కనిపించగలిగే దూరంలో ఉన్నవాళ్ళు. పాలకొల్లు వాళ్ళు కారు.

ఆఫీసు

నా మొదటి ఏడాదిలో నేర్చుకున్నదాంట్లో సగం ఎవరూ పనిగట్టుకుని నేర్పింది కాదు. పక్క సీటు సీనియర్ ఫోనులో క్లయింటుకు ఎలా సర్దిచెబుతున్నారో వినడం, ఒక తప్పు దొరికితే ఆవిడ మొదట ఏ ఫైలు తెరుస్తారో చూడటం. కాల్‌లో అది కనిపించదు. కాల్ పెట్టి అడగాలంటే ముందు ఏం అడగాలో మనకు తెలిసుండాలి, కొత్తవాళ్ళకు తెలియనిదే అది. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ ఇంజనీర్ల మీద జరిగిన అధ్యయనంలో, టీమంతా ఒకే భవనంలో ఉన్నవాళ్ళకు తమ కోడ్ మీద వచ్చే సలహాలు 22 శాతం ఎక్కువ. దాని ఖర్చు సీనియర్లే భరించారు, వాళ్ళ సొంత పని తగ్గింది. అంటే ఆఫీసు కొత్తవాళ్ళకు పెట్టేది సీనియర్ల గంటల్లోంచి తీసి పెడుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు ఇల్లు కావాలనడం, కంపెనీ వద్దనడం రెండూ ఇక్కడి నుంచే వస్తాయి.

హైదరాబాద్‌లో రానూ పోనూ రోజుకు రెండు గంటలు వేసుకున్నా, 22 పనిదినాలకు నెలకు 44 గంటలు రోడ్డు మీద. మనవాళ్ళకు దాని మీద ఇంకో పన్ను ఉంది: నెలకు రెండుసార్లయినా ఇంటికి రావాలి. శుక్రవారం రాత్రి రైలు, ఆదివారం రాత్రి మళ్ళీ రైలు. సోమవారం స్టాండప్‌లో (టీమంతా రోజూ పెట్టుకునే చిన్న మీటింగులో) గొంతు వింటే చాలు, ఎవరు ఊరి నుంచి దిగారో చెప్పేయొచ్చు.

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరంలలో చిన్న ఆఫీసులున్నాయి. జీతం తక్కువ, అమ్మ చేతి అన్నం ఎక్కువ. అక్కడ చేరేముందు భవనం చూడకండి, మీకు నేర్పే సీనియర్ ఎవరో చూడండి. అలాంటి మనిషి లేకపోతే ఆఫీసు వల్ల వచ్చే పెద్ద లాభమే పోయినట్టు.

ఇల్లు

మన పాత ఇళ్ళు కాల్స్ కోసం కట్టినవి కావు. మండువా లోగిలి అంటేనే వీధి అరుగు మీద మాట పెరట్లోకి వినిపించాలని కట్టుకున్న ఇల్లు. మైకు ఆన్ చేస్తే పొయ్యి మీద కుక్కరు, కొబ్బరికాయలు దింపేవాళ్ళ కేకలు, ధనుర్మాసమైతే గుడి మైకు, అన్నీ క్లయింటుకు వెళ్ళిపోతాయి. మంచి హెడ్‌సెట్ కొంటే చప్పుడు సమస్య సగం తీరుతుంది. మనుషుల సమస్య హెడ్‌సెట్‌తో తీరదు.

"ఖాళీగానే ఉన్నావు కదమ్మా, ఈ ఫోనులో ఏదో ఓటీపీ అడుగుతోంది, ఓసారి చూసిపెట్టు తల్లీ" అని పక్కింటి బాబాయిగారు వస్తారు. ఆయన తప్పేం లేదు. ఆయన కాలంలో పనంటే చేలో దిగడమో, బస్సెక్కడమో. కుర్చీలో కూర్చున్న మనిషి ఖాళీగా ఉన్నట్టే. పుట్టింట్లో అయితే మా అమ్మ, "పొద్దుటి నుంచీ ఆ డబ్బా ముందే ఉన్నావు, లేచి నాలుగు ముద్దలు తిను" అంటుంది. విసుక్కోవచ్చు, పుట్టిల్లు కాబట్టి నడుస్తుంది. అత్తవారింట్లో మా అత్తగారు ఏనాడూ నాకు పని చెప్పలేదు. కానీ గుమ్మం ముందు చుట్టం చెప్పులు విడిచిన చప్పుడు వినిపించాక తలుపేసుకుని లోపల కూర్చోవడం నాకే చేతకాలేదు. పెళ్ళయిన ఆడవాళ్ళు ఇంటి నుంచి పని గురించి ఆలోచిస్తే ఏ ఇంటి నుంచి అనేది ముందు తేల్చుకోవాలి. కంపెనీకి రెండూ ఇల్లే, మనకు కాదు.

ఇక కరెంటు. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. నష్టాలు పోను 1200 చేతికొస్తాయనుకోండి. ల్యాప్‌టాప్ 60, ఫ్యాను 70, రౌటరు 12, ఒక బల్బు 10, మొత్తం సుమారు 150 వాట్లు. ఎనిమిది గంటలు ఆగుతుంది, అంటే ఒక షిఫ్టు. ఎవరో ఫ్రిజ్‌ను కూడా అదే లైనుకు కలిపితే ఆ లెక్క చెల్లదు. మా ఇంట్లో కలిపారు.

నెట్‌లో చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ఏపీ ఫైబర్‌నెట్ అయినా, ఊళ్ళో కేబుల్ ఆపరేటర్ ఫైబర్ అయినా చాలాచోట్ల తీగ వచ్చేది కరెంటు స్తంభాల మీదుగానే. ఈదురుగాలికి ఒక కొబ్బరి మట్ట పడితే రెండూ ఒకేసారి పోతాయి. మీ రౌటరుకు ఇన్వర్టర్ ఉన్నా, వీధి చివర ఆపరేటర్ పెట్టెకు బ్యాకప్ లేకపోతే అంతే సంగతులు. కనెక్షన్ తీసుకునేముందు ఆయన్ని అడగాల్సిన ప్రశ్న ఇది, స్పీడు తర్వాత. రెండో దారిగా ఇంకో ఫైబర్ కాకుండా వేరే కంపెనీ మొబైల్ డేటా పెట్టుకోండి. వీడియో కాల్ గంటకు సుమారు ఒక జీబీ తాగుతుంది కాబట్టి రోజుకు రెండు జీబీల ప్యాక్ రెండు గంటల్లో ఆవిరి. కెమెరా ఆపితే రోజంతా వస్తుంది.

లంక గ్రామాల వాళ్ళకు వరద సంగతి కూడా ఇందులో భాగమే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఇంట్లోవాళ్ళు సామాను సర్దేది మూడోదానికి. ల్యాప్‌టాప్ సర్దుకోవాల్సింది రెండోదానికే. ఇంకో అనుభవం మన తప్పుతో సంబంధం లేనిది: 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఆ వారం నేను పుట్టింట్లో ఉన్నాను. ఎదుర్లంక వంతెన దాటి కాకినాడలో పిన్ని వాళ్ళింటికి చేరి పనిచేశాను. బస్సులో నాలాగే ల్యాప్‌టాప్ సంచులు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు నలుగురైదుగురు కనిపించారు. నది దాటితే ఎవరింట్లో కూర్చుని పనిచేయగలరో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి.

అమెరికా క్లయింట్లుంటే వాళ్ళ తూర్పు తీరంలో పొద్దున్న తొమ్మిదిన్నర మనకు ఎండాకాలంలో రాత్రి 7, చలికాలంలో 8. ఇంట్లో అందరూ అన్నాలకు కూర్చునే వేళ మనకు కాల్ మొదలు. అందుకే నేను పొద్దున్న ఐదు నుంచి ఎనిమిది దాకా కదలకుండా కూర్చుని చేసే పని చేసుకుని, మధ్యాహ్నం విరామం తీసుకుంటాను. అప్పుడు నిద్రపోతే "పగలు పడుకుంటుంది" అనే పేరు వస్తుంది. వచ్చింది కూడా.

ఇంటికి కిలోమీటరు దూరంలో ఒక గది

నా సమస్యల్లో చాలావాటిని తీర్చింది కంపెనీ పాలసీ కాదు, మందుల షాపు మీద ఒక అద్దె గది. ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి తీసుకున్నాను, నా వాటా నెలకు రెండు వేలు. చిన్న ఇన్వర్టర్, రెండు బల్లలు, ఒక ఏసీ, తలుపుకు లోపల గడియ. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని చీరో, డ్రెస్సో మార్చుకుని బయల్దేరుతుంటే ఊరి లెక్కలు మారిపోయాయి. మా మామగారు ఇప్పుడు అందరితో "కోడలు ఆఫీసుకెళ్ళిందండీ" అంటారు. ఓటీపీల బాబాయిగారు కూడా సాయంత్రం దాకా ఆగుతున్నారు.

పట్టణంలో అద్దెకు సీట్లిచ్చే చోట్లుంటే అవీ మంచివే. చూడాల్సింది మూడే: జనరేటర్ ఉందా, కాల్ మాట్లాడుకోవడానికి వేరే గది ఉందా, రాత్రి పదకొండు దాకా తీసి ఉంచుతారా. ఆడపిల్లలు ఇంకోటి చూసుకోవాలి, ఆ వేళకు తిరిగొచ్చే దారిలో దీపాలున్నాయా అని.

హైబ్రిడ్: మన లెక్క వారాల్లో

వారానికి రెండు రోజులు ఆఫీసు అనుకుంటే వారానికి రెండు రాత్రులు రైల్లో, నెలకు ఎనిమిది రాత్రులు. రెండు నెలలు చేసిన మా టీమ్ అబ్బాయి మూడో నెల జ్వరంతో సెలవు పెట్టాడు. అదే నెలకు ఒక వారం మొత్తం ఉంటే రైల్లో రెండే రాత్రులు, ఆఫీసులో ఐదు పూర్తి రోజులు. వారానికి రెండు రోజుల పద్ధతిలో దొరికే ఎనిమిదికి ఐదే అయినా, నిద్ర ఉన్న ఐదు. కాబట్టి మీ కంపెనీలో మూడు రోజుల నియమం ఉంటే "అన్నీ కలిపి నెలలో ఒకేసారి" అని అడగండి. చాలామంది మేనేజర్లకు ఇలా అడగొచ్చని ఎవరూ చెప్పలేదు. ఒప్పుకోని కంపెనీలూ ఉంటాయి, అప్పుడు హైబ్రిడ్ అనేది మీకు లేదనే అనుకోవాలి. ఆఫీసు విశాఖలో, ఇల్లు రాజమహేంద్రవరంలో అయితే మాత్రం వారం లెక్క నడుస్తుంది. రైల్లో మూడు గంటల పై మాటే, మధ్యలో ఒక రాత్రి అక్కడ పడుకునే చోటుంటే చాలు.

ఆఫీసు వారంలో ఒంటరిగా చేసుకునే పని పెట్టుకోకండి. అది ఊళ్ళో గదిలో ఇంకా బాగా అవుతుంది. ఆ ఐదు రోజులూ కొత్తవాళ్ళ పక్కన కూర్చోవడం, మాటామాటా వచ్చిన విషయాలు ఎదురుగా తేల్చుకోవడం, రాబోయే నెల పని పంచుకోవడం, అప్రైజల్ మాటలు. టీమంతా అదే వారం రావడం అన్నిటికంటే ముఖ్యం. ఒకసారి నేను తేదీలు చూసుకోకుండా వెళ్ళాను. రాత్రంతా ప్రయాణం చేసి, ఖాళీ ఫ్లోర్‌లో కూర్చుని, ఇళ్ళలో ఉన్న ఎనిమిదిమందితో వీడియో కాల్ మాట్లాడి వచ్చాను.

ఉండే చోటు ఖర్చు ఎక్కువ. వారం కోసం నెలంతా పీజీకి కట్టడం దండగ. ఇలాంటివాళ్ళు నలుగురు కలిసి ఒక ఫ్లాట్‌లో గది తీసుకుని వారాలు పంచుకుంటే గిట్టుబాటు. టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, తేదీలు రెండు నెలలకు ఒకేసారి అడిగి వేయించుకోండి. తత్కాల్ మీద ఆధారపడితే ముందురోజు పొద్దున్న పది గంటలకు ఏసీకి, పదకొండుకు స్లీపర్‌కు ఫోను పట్టుకుని కూర్చోవాలి. సరిగ్గా స్టాండప్ వేళ అది. అమలాపురం వైపు వాళ్ళకు ఇంకా రైలే రాలేదు, రాత్రి బస్సులే గతి. లంకల వాళ్ళు ఆఫీసు వారాలను జులై, ఆగస్టుల్లో ఎక్కువగా వేయించుకుంటే వరదకు ఒక జవాబు దొరుకుతుంది.

| చూడాల్సింది | హైదరాబాద్ ఆఫీసు | ఇల్లు | ఊళ్ళో గది | గది + నెలకో వారం |
|---|---|---|---|---|
| కదపని గంటలు | మధ్యస్థం | తలుపును బట్టి | బాగా ఎక్కువ | బాగా ఎక్కువ |
| సందేహం తీరడం | వెంటనే | కాల్ దాకా ఆగాలి | కాల్ దాకా ఆగాలి | చిన్నవి కాల్‌లో, పెద్దవి ఆ వారంలో |
| కరెంటు, నెట్ | చింత లేదు | మీదే బాధ్యత | పంచుకున్న బాధ్యత | పంచుకున్న బాధ్యత |
| పైవాళ్ళకు గుర్తుండటం | సులువు | కష్టం | కష్టం | ఫర్వాలేదు |
| ఖర్చు | అద్దె, తిండి, ఊరి ప్రయాణాలు | అన్నిటికంటే తక్కువ | కొంచెం | ఇల్లు కంటే ఎక్కువ, ఆఫీసు కంటే తక్కువ |
| ఓపిక | రోడ్డు మీద పోతుంది | రాత్రి కాల్స్‌లో పోతుంది | మిగులుతుంది | ఆ ఒక్క వారం పోతుంది |

డబ్బు దగ్గర ఒక చిన్న మాట. ఇంటికొస్తే అద్దె మిగులుతుంది కానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు పోతుంది, సొంతింట్లో ఉంటే అది రాదు. ఇల్లు అమ్మానాన్నల పేరున ఉండి, వాళ్ళకు నిజంగా అద్దె కడితే అడగొచ్చు. కొత్త విధానంలో ఆ మినహాయింపే లేదు కాబట్టి తేడా లేదు.

ఆ ముగ్గురికీ ఏం చెప్పానంటే

ఆడపడుచు కొడుక్కి, "ఏడాదిన్నర హైదరాబాద్‌లోనే ఉండరా, ఇంటి నుంచి ఇస్తామన్నా వద్దను" అన్నాను. వాళ్ళమ్మకు నామీద కోపమొచ్చింది. కొడుకు ఇంట్లో ఉండి జీతం తెస్తాడనుకున్న మనిషికి నా మాట చేదుగానే ఉంటుంది. కానీ ఆ సీట్రిప్ ప్రయోగంలో కూడా ఆరు నెలలు నిండనివాళ్ళను ఇంటికి పంపలేదు. ఇప్పుడు అడగలేని ప్రశ్నలు రెండేళ్ళ తర్వాత అడిగితే ఇంకా సిగ్గు.

పెద్దమ్మ కూతురు మాట వేరు. మన చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తుంది. ఆ తర్వాత పని తీరును బట్టి, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంటి నుంచి చేయొచ్చని కూడా చెబుతుంది. దాన్ని నోటిమాటగా కాకుండా కాగితం మీద రాయించుకోమన్నాను. దానికంటే ముందు ఇంకోటి చెప్పాను: పాపను చూసే మనిషి ఇంట్లో ఉంటేనే ఇంటి నుంచి పని. "నేనే చూసుకుంటూ చేసేస్తాను" అనేది నాలుగు రోజుల ముచ్చట. రోజుకు నాలుగు గంటలు పాప అమ్మమ్మ చేతిలో, గది తలుపు వేసి. ఆ నాలుగు గంటలు పుట్టింట్లోనే దొరుకుతాయని తనే అంది. ఏడాది అక్కడే ఉండి, ఆ తర్వాత నెలకో వారం చూసుకోమన్నాను.

మావారి స్నేహితుడికి నెలకో వారం అచ్చంగా సరిపోతుంది. పని తెలుసు, టీమ్ నమ్ముతుంది. ఆయన భయం ఆఫీసు గురించి, నా భయం చెరువుల గురించి. రొయ్యలకు వేళ ఉండదు. అర్ధరాత్రి కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా జనరేటర్ వేయడానికి పరుగెత్తాలి. "పొద్దున్న పది దాకా చెరువు, పన్నెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆఫీసు పని అని మీ మేనేజర్‌కు ముందే చెప్పేయండి, గట్టు మీద నిలబడి స్టాండప్ మాట్లాడొద్దు" అన్నాను. "ఆయ్, అలాగేనండీ" అన్నారు. మొన్న కాల్‌లో వెనకాల ఏరేటర్ చప్పుడు వినిపించిందని మావారు చెప్పారు.

అడిగేముందు నాలుగు వారాలు రాసుకోండి

ఒక చిన్న పుస్తకంలో రోజుకు నాలుగు అంకెలు చాలు. కదపని ముప్పావుగంటలు ఎన్ని, పూర్తిచేసిన పనులు ఎన్ని, సందేహం తీరక ఆగిపోయిన గంటలు ఎన్ని, కరెంటు-నెట్ వల్ల పోయిన నిమిషాలు ఎన్ని. రెండు వారాలు ఒక చోట, రెండు వారాలు ఇంకో చోట. పండుగ వారం, రిలీజ్ వారం లెక్కలోకి తీసుకోకండి. మూడో అంకె పెద్దదైతే మీకు ఆఫీసు అవసరం, మొదటి అంకె చిన్నదైతే తలుపు అవసరం. నాలుగోది పెద్దదైతే మేనేజర్‌తో మాట్లాడటానికి ముందు కేబుల్ ఆయనతో మాట్లాడాలి.

నా పుస్తకంలో కదపని ముప్పావుగంటలు ఇంట్లో రోజుకు మూడు, గదిలో ఏడు వచ్చాయి. ఆ పేజీ ఫొటో తీసి పంపాకే మా మేనేజర్ నెలకో వారానికి ఒప్పుకున్నారు. ఏ వారమో ఆయనే చెబుతారు. సంక్రాంతి వారం మాత్రం అడగకూడదని నేను ముందే మెయిల్‌లో రాయించుకున్నాను.